రాక్‌ఫిష్‌ను తిరిగి లోతుకు దించండి

సంపాదకులకు నమస్కారం.

కాలిఫోర్నియాలో సెలవు రోజున చేపల వేట పడవలెక్కే తెలుగువారికి, సముద్రంలో లోతున రాళ్ల మధ్య ఉండే రాక్‌ఫిష్ అనే చేప గురించి ఒక విన్నపం. లోతు నుంచి గాలంతో ఒక్కసారిగా పైకి లాగితే పీడనం తగ్గి దాని గాలితిత్తి ఉబ్బిపోతుంది, కనుగుడ్లు పొడుచుకొస్తాయి, జీర్ణాశయం నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. పట్టకూడని జాతి కదా అని అలాగే విసిరేస్తే మునగలేక పైనే తేలుతూ పక్షుల పాలవుతుంది. బరువు కట్టిన పరికరానికి దవడ తగిలించి లోతుకు దించి వదిలితే చాలా చేపలు బతుకుతాయి.

నూరేళ్లకు పైగా బతకగల ఎల్లోఐ వంటి రాక్‌ఫిష్ జాతులు ఆలస్యంగా ఎదుగుతాయి కనుక ఒకసారి తగ్గితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో రాక్‌ఫిష్ వంటి సముద్రపు అడుగున ఉండే చేపల వేట దెబ్బతిన్నదని 2000లో అమెరికా ప్రభుత్వం విపత్తుగా ప్రకటించింది. 2002 నుంచి విశాల ప్రాంతాల్లో వేట ఆపినప్పుడు ఆ నష్టాన్ని మోసినవారు అక్కడి జాలరులే. వారి ఓర్పు వల్లనే కెనరీ, బొకాచియో అనే రాక్‌ఫిష్ రకాలు మళ్లీ పెరిగాయని నా అభిప్రాయం. చింతపండు పులుసుకు తెల్లని కండ గల రాక్‌ఫిష్ చక్కగా నప్పుతుంది (ముళ్లకు కొంత విషముంటుంది, కడిగేటప్పుడు జాగ్రత్త). తినవద్దని నేననను. పడవెక్కే ముందు ఆ పరికరం ఉందో లేదో అడగండి.

— ఒక పాఠకుడు, కాలిఫోర్నియా