అమ్మలూ, నా ఓటు బ్రేడీకే

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. మొన్న ఫోన్లో నువ్వూ అల్లుడు గారూ పోట్లాడుకుంటుంటే నవ్వి ఊరుకున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక కూడా ఆ విషయం నన్ను వదల్లేదు. బోస్టన్ వెళ్లాక మీకు పట్టిన ఆ పేట్రియట్స్ జట్టు పిచ్చి, అదే, చేత్తో బంతి విసిరే అమెరికా ఫుట్‌బాల్ పిచ్చి, నాకూ అంటించారు కదా, ఇప్పుడు పొద్దున్నే మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతూ కూడా ఫోన్లో ఆ పాత మ్యాచులే చూస్తున్నాను, పక్కవాళ్లు అదేం ఆట మాస్టారూ అని అడుగుతుంటే చెప్పలేక చస్తున్నాను. ఇరవై ఏళ్లలో ఆరు సూపర్ బౌల్‌లు, అంటే ఆ లీగ్ ఫైనళ్లు, గెలిచిన ఆ జట్టు ఘనత ఎవరిది, బంతి విసిరిన టామ్ బ్రేడీదా, కోచ్ బిల్ బెలిచిక్‌దా, ఓనర్ రాబర్ట్ క్రాఫ్ట్‌దా అని కదా మీ గొడవ. నువ్వు బ్రేడీ పక్షం, అల్లుడు గారు కోచ్ పక్షం. మామయ్య గారు జీవితమంతా డ్రిల్లు మాస్టారే, కోచ్ పక్షమే మాట్లాడతారు అని అల్లుడు గారి ధీమా. ఫోన్లో అయితే ఇద్దరూ మధ్యలో అడ్డం పడతారు, అందుకే రాస్తున్నా.

ముందు ఓనర్ సంగతి తేల్చేద్దాం. క్రాఫ్ట్ 1994లో 17 కోట్ల 20 లక్షల డాలర్లు పోసి జట్టుని కొన్నాడు. 2000లో బెలిచిక్ కోసం న్యూయార్క్ జెట్స్ జట్టుకి డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, తన మొదటి రౌండు అవకాశమే వదిలేసుకున్నాడు. అప్పటికి బెలిచిక్‌కి హెడ్ కోచ్‌గా ఏం పేరుంది గనక? క్లీవ్‌లాండ్‌లో ఐదు సీజన్లు చేసి 36 గెలిచి 44 ఓడిన మనిషి, జెట్స్‌కి హెడ్ కోచ్ అయిన మర్నాడే కాగితం ముక్క మీద రాజీనామా రాసిచ్చి వచ్చేసిన మనిషి. అలాంటివాడి మీద పందెం కాయాలంటే గుండె ఉండాలి. అయినా క్రాఫ్ట్ చేసిన అసలు మేలు అది కాదు, ఆటని ఆటవాళ్లకి వదిలేయడం. దీని విలువ విజయనగరం వాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మన పూసపాటి వారి వంశంలో పుట్టిన విజ్జీ ఏం చేశాడు? 1930లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి మహామహుల్ని తన జట్టులో ఆడించడానికి ఇంగ్లండ్ నుంచి రప్పించాడు, అక్కడితో ఆగి ఉంటే ఆయన్ని క్రికెట్ పోషకుడని చెప్పుకుని మురిసిపోయేవాళ్లం. 1936లో తనే కెప్టెన్ అయి ఇంగ్లండ్ వెళ్లాడు, మంచి ఊపులో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని టూర్ మధ్యలో ఇంటికి పంపేశాడు, మూడు టెస్టుల్లో కలిపి తను చేసింది 33 పరుగులు. క్రాఫ్ట్‌కి మూడో స్థానం ఇవ్వు, గౌరవంగా ఇవ్వు.

ఇక అల్లుడు గారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2000 డ్రాఫ్ట్‌లో 199వ వాడిగా మిగిలిన గుంటడిని, ఆ బ్రేడీని, తీసుకుని నాలుగో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరేవాళ్లలో నాలుగోవాడిగా, ఏడాదంతా జట్టులో ఉంచుకున్నది బెలిచిక్. 2001లో మొదటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సోకి దెబ్బ తగిలి బ్రేడీ దిగాడు, సరే, అది అదృష్టం అనుకో. కానీ బ్లెడ్‌సో కోలుకున్నాక, పది కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం ఉన్న ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి కుర్రాడినే ఆడించడం అదృష్టం కాదు, అది కోచ్ తెగువ. ఆ ఏడాది ఫైనల్లో బ్రేడీ విసిరిన బంతులతో జట్టు ముందుకెళ్లింది 145 గజాలే. సెయింట్ లూయిస్ రామ్స్ జోరుని 17 పాయింట్ల దగ్గర ఆపింది బెలిచిక్ డిఫెన్స్. 2008లో మొదటి మ్యాచ్‌లోనే బ్రేడీ మోకాలు పోతే మ్యాట్ క్యాసెల్‌తో 11 గెలిచి 5 ఓడారు. 2016లో బ్రేడీ మీద నాలుగు మ్యాచుల నిషేధం ఉన్నప్పుడు మూడు గెలిచారు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

మరి నువ్వు చెప్పిన టాంపా వాదన? బ్రేడీ 2020లో టాంపా జట్టుకి వెళ్లిపోయాడు, 43 ఏళ్ల వయసులో వెళ్లిన మొదటి ఏడాదే కప్పు కొట్టాడు, ఇంకేం కావాలి నాన్నా అన్నావు. అది చాలదమ్మా. ఆ ఫైనల్లో కాన్సస్ సిటీకి ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వని డిఫెన్స్ టాంపాది, పైగా పేట్రియట్స్‌లో బ్రేడీ బంతులు అందుకుని, రిటైరైన గ్రాంకౌస్కీ కూడా వెనకాలే వచ్చాడు. ఒక్క ఏడాది చూసి ఇరవై ఏళ్ల లెక్క తేల్చకూడదు.

కోచ్‌కి ఘనత ఎప్పుడివ్వాలో నాకు తెలుసు, మన హైదరాబాద్ రహీం సాబ్‌ని చూశాకే తెలుసు. కాలితో ఆడే ఫుట్‌బాల్ అది. సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు కొట్టింది. కుర్రాళ్లకి వాటం లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవాడు, అదీ మాస్టారంటే! దేశం జట్టుతో 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చాడు, మధ్యలో 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఈ పదకొండేళ్లలో ఆటగాళ్లు దాదాపు అందరూ మారిపోయారు, మారనిది ఆయనొక్కడే. 1963లో క్యాన్సర్‌తో పోయాడు, ఆ తర్వాత మనకి ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో బంగారమే లేదు. అక్కడ లెక్క తేలిక.

పేట్రియట్స్ దగ్గర ఆ లెక్క పనిచేయదు. 2001 జట్టుకీ 2018 జట్టుకీ మధ్య ఆటగాళ్లంతా మారినా బెలిచిక్ ఉన్నాడు, బ్రేడీ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఉండి కూడా మధ్యలో పదేళ్లు కప్పు రాలేదు, 2007లో పదహారుకి పదహారూ గెలిచి చివర్న ఫైనల్లో జెయింట్స్ జట్టు చేతిలో ఓడారు. కాబట్టి ఇద్దరినీ విడదీయడానికి వేరే చోట చూడాలి. నేను చూసేది వీడియో మీటింగుల్లో. మ్యాచ్ అయ్యాక తప్పులు వేసి చూపిస్తూ బెలిచిక్ అందరి ముందూ బ్రేడీని కొత్తగా చేరిన కుర్రాడిని తిట్టినట్టే తిట్టేవాడని ఆ జట్టులో ఆడినవాళ్లు ఎంతమందో చెప్పారు. మూడు కప్పులు కొట్టినవాడు, ఐదు కప్పులు కొట్టినవాడు నోరు మెదపకుండా కూర్చుని విన్నాడు. అది చూశాక ఇంకెవడు ఎదురు చెప్తాడు? నేను గజపతినగరం దగ్గర బడిలో కబడ్డీ ఆడించినప్పుడు అందరికన్నా మంచి రైడర్ ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ పరిగెత్తమనేవాడిని, వాడు కిక్కురుమనకుండా పరిగెత్తాడు గనకే మిగతా పదకొండు మందీ నా మాట విన్నారు. ఆ రోజు వాడు మొహం ముడుచుకుని వెళ్లిపోయి ఉంటే నా విజిలుకి విలువేముంది? బెలిచిక్ క్రమశిక్షణ అంటారే, అది సగం బ్రేడీ అరువిచ్చింది.

జీతం సంగతీ అంతే. అక్కడ జట్టు మొత్తానికి జీతాల పరిమితి ఉంటుంది కదా, పెద్ద ఆటగాడు తక్కువ తీసుకుంటే ఆ మిగులుతో ఇంకొకడిని తెచ్చుకోవచ్చు. బ్రేడీ ఒకసారి కాదు, చాలాసార్లు మార్కెట్ ధర కన్నా తక్కువకే సంతకం పెట్టాడు. అప్పట్లో భార్య సూపర్ మోడల్, ఇంట్లో ఆమె సంపాదన ఉండేది కదా అని అల్లుడు గారు ఎకసెక్కం ఆడతారేమో, ఆడనీ. సంపాదన ఉన్నా వదులుకోనివాళ్లే ఎక్కువ.

అతను వెళ్లాక ఏమైందో చూడు. అదే కోచ్, అవే కేకలు, నాలుగేళ్లలో 29 గెలుపులు, 38 ఓటములు. ఆటగాళ్లని ఎంచుకున్నది కూడా ఆయనే కదా, ఎవరి మీద తోస్తాం.

అన్నట్టు ఈ ముగ్గురి గోలలో లైన్ కోచ్, అంటే బ్రేడీకి అడ్డుగా నిలబడి కాపాడేవాళ్లకి నేర్పే కోచ్, డాంటే స్కార్నెకియాని ఎవరూ తలవరు. 2013 సీజన్ తర్వాత ఆయన రిటైరయ్యాడు, 2015 సీజన్‌లో డెన్వర్‌లో బ్రేడీ తిన్న దెబ్బలు చూడలేకపోయాం. 2016కి ఆయన్ని మళ్లీ పిలిపించుకున్నారు, ఆ సీజన్ ఫైనల్లోనే 28-3తో వెనకబడి కూడా అట్లాంటా మీద 34-28తో గెలిచారు. అసిస్టెంట్ మాస్టార్ల బతుకులు ఎక్కడైనా ఇంతే.

అల్లుడు గారిని ఒక్కటి మాత్రం అడుగు. సియాటిల్ మీద ఫైనల్లో ఆఖరి నిమిషంలో బంతి లాక్కుని కప్పు తెచ్చిపెట్టిన మాల్కం బట్లర్‌ని, మూడేళ్ల తర్వాత ఫిలడెల్ఫియాతో ఫైనల్లో డిఫెన్స్‌లోకి ఒక్కసారి కూడా ఎందుకు దింపలేదో. బ్రేడీ 505 గజాలు విసిరినా 41-33తో ఓడిన మ్యాచ్ అది. బెలిచిక్ సరిగ్గా కారణం చెప్పలేదు, అల్లుడు గారి దగ్గర ఏదైనా ఉంటే రాయమను, చదువుతాను.

ఉంటాను,
మీ నాన్న