అమ్మలూ, ఆ ధర ఎలా కట్టావు?

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు తనంతట తానే ఎక్కుతోంది. చిన్నాడు మొన్న ఫోను చేశాడు, పరీక్షలు బాగా రాశానన్నాడు. నీ దగ్గర నుంచి మాత్రం 40 రోజులుగా "బాగున్నాం" అన్న ఒక్క మాట తప్ప కబురు లేదు. పని ఎక్కువై ఉంటుందని మాకు మేమే సర్దిచెప్పుకుంటున్నాం.

ఈ ఉత్తరం రాయడానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. గురువారం సుశీలత్తయ్య వచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, నీ ఇల్లు అమ్మకానికి పెట్టిన ప్రకటన చూశానని అంది. నేను ముందే తెలిసినట్టు తల ఊపాను. ఆవిడ వెళ్లాక మీ అమ్మా నేనూ కూర్చుని ఆ ప్రకటన వెతికి పట్టుకున్నాం. 11 ఫోటోలు ఉన్నాయి. అన్నీ చూశాం. ఎందుకు అమ్ముతున్నారని అడగడం లేదు. మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ 22 ఏళ్లు బ్యాంకులో ఇళ్ల రుణాల విభాగంలో కూర్చున్నవాణ్ని, ధర గురించి ఒకటి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను.

ప్రకటనలో పాత ధర కొట్టివేసి, కింద కొత్త ధర ఉంది. తేదీలు చూస్తే పెట్టిన 9వ రోజునే 5 శాతం తగ్గించావు. అది చూసిన కొనుగోలుదారుకు ఇంటి గురించి కంటే నీ గురించి ఎక్కువ తెలుస్తుంది. వీళ్లకు డబ్బు తొందరగా కావాలి, ఇంకో వారం ఆగితే ఇంకా దిగుతారు అనుకుంటాడు. అంత తొందర ఏమొచ్చిందమ్మా? సరే, అది తరువాత మాట్లాడుకుందాం.

మొదటి ధర ఎలా కట్టావు? ప్రకటనల్లో పక్క ఇళ్లకు అడుగుతున్న ధరలు చూసి పెట్టి ఉంటావు. అందరూ చేసేది అదే. అడిగే ధర ఎవరి కోరిక వాళ్లది. నీకు కావలసింది చేతులు మారిన ధర. గత 6 నెలల్లో మీ చుట్టుపక్కల, దాదాపు అంతే విస్తీర్ణం, అంతే వయసు ఉన్న ఇళ్లు కనీసం 3 ఎంతకు అమ్ముడయ్యాయో కనుక్కో. ఆ ఇంటికి స్నానాల గది ఒకటి ఎక్కువుంటే ఆ మేరకు తగ్గించుకో, మీ ఇంటికి వెలుతురు ఎక్కువుంటే ఆ మేరకు కలుపుకో. బ్యాంకు పంపే వాల్యుయర్ కూడా ముఖ్యంగా చూసేది ఇదే. కొనేవాళ్లు రుణం తీసుకుంటే, అతను కట్టిన విలువను బట్టే బ్యాంకు అప్పు ఇస్తుంది. ఒప్పుకున్న ధర అంతకంటే పైన ఉంటే ఆ తేడా వాళ్లు చేతి నుంచి వేసుకోవాలి. అది కుదరక చివరి దశలో విరిగిపోయిన బేరాలు నా బల్ల ముందు ఎన్నో చూశాను. సామాను మూటలు కట్టుకున్న తరువాత బేరం పోయినవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇంకో సంగతి. కొనేవాళ్లు తమకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టుకుని, అంతలోపు ఇళ్లే వెతుకుతారు. ఆ పరిమితులు సాధారణంగా చివర సున్నాలుండే గుండు సంఖ్యల దగ్గర ఉంటాయి. నీ మొదటి ధర అలాంటి గుండు సంఖ్యకు కొంచెం పైన ఉంది. అంటే కింది వరుసలో వెతికేవాళ్లకు నీ ఇల్లు కనబడనే లేదు. పై వరుసలో వెతికేవాళ్లకేమో అంతకంటే పెద్ద ఇళ్లు దొరుకుతున్నాయి. ప్రకటన వచ్చిన మొదటి రెండు మూడు వారాలే అసలు బలం. చాలా రోజులుగా వెతుకుతున్నవాళ్లంతా కొత్త ఇల్లు కనబడగానే వచ్చి చూస్తారు. ఆ తరువాత వచ్చేది కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్లు మాత్రమే.

వంటగదికి మీరు ఎంత పెట్టారో నాకు తెలుసు. ఆ అల్మరాల రంగు కోసం మీరిద్దరూ నెల రోజులు వాదించుకున్నారు. ఫోనులో వెనక నుంచి అల్లుడి నవ్వు వినబడేది. ఆ ఖర్చు మొత్తం ధరలో కలపాలని నీకు అనిపిస్తుంది. కొనేవాళ్లకు ఆ రంగు నచ్చకపోవచ్చు, నచ్చినా నువ్వు పెట్టినంత ఇవ్వరు. 1990లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ మరో సహచరుడితో కలిసి ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. కొంతమంది విద్యార్థులకు తలా ఒక కప్పు ఇచ్చి ఎంతకు అమ్ముతారని అడిగారు, కప్పు లేనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు అడిగింది కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు పైమాటే. ఆ కప్పు వాళ్ల చేతికి వచ్చి ఎంతో సేపు కాలేదు. మీరు ఆ ఇంట్లో 7 ఏళ్లు ఉన్నారు.

మన పాత ఇల్లు అమ్మినప్పటి సంగతి నీకు పూర్తిగా తెలియదు. అప్పటికి నీకు 8 ఏళ్లు. తాతయ్య ఆపరేషనుకు డబ్బు కావాలి. నేను ఒక కాగితం తీసుకుని కొన్న ధర, కట్టిన వడ్డీ, బోరుకు, తలుపులకు, మేడ మీద గదికి పెట్టిందీ రాసి, చివర ఆసుపత్రికి కావలసింది కూడా కలిపి కూడిక వేశాను. రోజూ బ్యాంకులో ఇతరుల ఇళ్ల విలువలు చూసేవాణ్ని, నా ఇంటికి వచ్చేసరికి ఆ కూడికనే ధర అనుకున్నాను. మొదటి వారంలోనే ఒక దంపతులు వచ్చి, నేను చెప్పినదానికి 8 శాతం తక్కువ ఇస్తామన్నారు. నాకు కోపం వచ్చింది. మర్యాదగానే పంపించాను కానీ, మళ్లీ రావద్దన్నట్టు పంపించాను.

తరువాత రెండు నెలలు చూసి వెళ్లేవాళ్లే తప్ప మాట ఇచ్చేవాళ్లు లేరు. ఆ పడకగదిలో ఉత్తరం గోడకు చెమ్మ ఉండేది, గుర్తుందా? నువ్వు దాని మీద పెన్సిలుతో ఏనుగు బొమ్మ గీసేదానివి. నేను ఆ ఒక్క గోడకే రంగు వేయించి, బీరువా జరిపి అడ్డం పెట్టాను. ఒక ఆదివారం ఒక పెద్దావిడ కూతురితో కలిసి వచ్చింది. ఇల్లంతా నెమ్మదిగా చూసింది. ఆ గదిలోకి వచ్చి ఆగింది. ఇల్లంతా పాత రంగు, అక్కడ మాత్రం కొత్త రంగు వాసన. బీరువాకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి చేయి పోనిచ్చి అరచేతిని గోడకు ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. చేయి తీసి చీర కొంగుకు తుడుచుకుంది. నన్ను ఏమీ అడగలేదు. మీ అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, వస్తామని చెప్పి వెళ్లిపోయింది. ఆ తరువాత వచ్చినవాళ్లు నేరుగా ఆ గదిలోకే వెళ్లి బీరువా జరపమని అడిగేవారు.

చివరికి మీ అమ్మ పట్టుబట్టి ప్లంబరును పిలిపించింది. చూస్తే స్నానాల గది పైపు అతుకు దగ్గర పగులు. ఒక పూట పని. గోడ ఆరడానికి మూడు వారాలు పట్టింది. బీరువా తీసేశాం. తరువాత వచ్చినవాళ్లకు ఇక్కడ చెమ్మ ఉండేది, కారణం ఇది, ఇలా బాగు చేయించాం, ఇదిగో రసీదు అని నేనే చూపించాను. వాళ్లు కొన్నారు. ఎంతకు అనుకున్నావు? ఆ మొదటి దంపతులు ఇస్తామన్నదానికి మరో 6 శాతం తక్కువకు. అప్పటికే తాతయ్య ఆపరేషనుకు అప్పు చేశాం. ఆ వడ్డీ వేరు. నా అవసరం ఎంతో కొనేవాళ్లకు అనవసరం అన్న సంగతి నేను ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

అందుకే చెబుతున్నాను, బాల్కనీ ఫోటోలో కుళాయి కింద గోడ మీద తుప్పు రంగు చార ఒకటి కనబడుతోంది. దానికి రంగు వేయించకు. ముందు కుళాయి మార్పించు. కారే కుళాయి, కిర్రుమనే తలుపు, వెలగని బల్బు, ఊడిన స్విచ్చు, ఇవన్నీ చిన్నవే. కానీ కనబడేదాన్నే ఇలా వదిలేస్తే కనబడనిది ఎలా ఉందో అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానానికి వాళ్లు కట్టుకునే లెక్క కుళాయి ఖరీదుకు ఎన్నో రెట్లు ఉంటుంది. కిటికీ అద్దాలు లోపలా బయటా తుడిపించు. సామాను మూడో వంతు తగ్గించు, ముఖ్యంగా అల్మరాల్లో. వచ్చినవాళ్లు తెరిచి చూస్తారు, కిక్కిరిసి ఉంటే ఇల్లు చాలదేమో అనుకుంటారు. ఇంట్లో ఉన్నవాళ్ల ముక్కుకు ఆ ఇంటి వాసన తెలియదు కాబట్టి బయటివాళ్లను ఎవరినైనా పిలిచి అడుగు. స్నానాల గది మొత్తం మార్పించే పని మాత్రం పెట్టుకోకు, ఆ ఖర్చు మొత్తం తిరిగి రాదు. ఎండ బాగా పడే వేళ చూసి ఫోటోలు మళ్లీ తీయించు. హాలు ఫోటో సాయంత్రం తీసినట్టుంది, మూలలన్నీ చీకటిగా ఉన్నాయి.

ఏజెంటు తగ్గించమన్నాడా? అతను మంచివాడే కావచ్చు. కానీ నువ్వు ఇంకో వారం ఆగితే వచ్చే అదనపు డబ్బులో అతనికి దక్కేది చిన్న వంతు, తిరుగుడు మాత్రం అంతా అతనిదే. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఇళ్ల అమ్మకాల మీద 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను ఇతరుల ఇళ్ల కంటే సుమారు 9.5 రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారని తేల్చారు. అతని సలహా విను, కానీ గడువు పెట్టాల్సింది నువ్వు. ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పటిలోగా అమ్మాలి అన్న రెండూ కొనేవాళ్లకు చెప్పకు. ఇంతకంటే కిందికి దిగను అనే ధర ఒకటి ఈ రోజే కాగితం మీద రాసి పెట్టుకో. అది రాసే ముందు రుణం బాకీ, పన్ను, ఏజెంటు రుసుము, సామాను తరలింపు ఖర్చు తీసేసి, చేతికి ఎంత మిగులుతుందో లెక్క చూడు.

కాగితాలు కూడా ఇప్పుడే ఒక చోట పెట్టు. హక్కు పత్రం, ఆమోదం పొందిన ప్లాను, పన్ను రసీదులు, మిగిలిన రుణం ఎంతో చెప్పే బ్యాంకు లేఖ. బేరం కుదిరాక వెతకడం మొదలుపెడితే, ఆ ఆలస్యంలో కొనేవాళ్ల మనసు మారుతుంది. హక్కు పత్రంలో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. అతనికి ఇష్టమేనా? ఇద్దరూ కూర్చుని అనుకున్నదేనా ఇది? ప్రకటనలో నీ నంబరు ఒక్కటే ఉంది. ఫోన్లు ఎత్తే తీరిక అతనికి లేకపోయి ఉండవచ్చు.

అడగనని మొదట్లో రాశాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఉద్యోగానికి ఏమైనా ఇబ్బంది వచ్చిందా? అప్పు ఏదైనా ఉందా? అయితే ఇల్లు తొందరపడి అమ్మడం కంటే వేరే దారులు ఉంటాయి. వాయిదాల గడువు పెంచమని బ్యాంకును అడగవచ్చు. వాయిదాలు తప్పక ముందే వెళ్లి అడిగేవాళ్ల మాట వాళ్లు ఎక్కువగా వింటారు, ఆ బల్లకు అటువైపు కూర్చున్నవాణ్ని కనుక చెబుతున్నాను. నా దగ్గర ఉన్న డిపాజిట్టు ఒకటి వచ్చే నెల చేతికి వస్తుంది. దాన్ని ఏం చేయాలో మేమింకా అనుకోలేదు. డబ్బు ఇబ్బంది కాకపోతే, ఇంకేదైనా అయితే, అది కూడా మాకే చెప్పు. కొనేవాళ్లకు చెప్పవద్దన్నది మాకు కూడా చెప్పవద్దని కాదు. ఇల్లు అమ్మాక ఎక్కడ ఉంటారో ఎక్కడా రాయలేదు. మన మేడ మీద గది ఖాళీగానే ఉంది. నిన్న కిటికీకి దోమతెర కొత్తది వేయించాను, పాతది చిరిగిందని.

మీ అమ్మకు పడకగది ఫోటో నచ్చలేదు. ఫోనులో పెద్దది చేసి మూడుసార్లు చూసింది. అంత పెద్ద మంచం మీద ఒకే దిండు ఉందట. ఫోటోలు మళ్లీ తీయించేటప్పుడు రెండూ పెట్టమంటోంది, గది నిండుగా కనబడుతుందట. రెండో దిండు ఉతకడానికి వేశావా అని కూడా అడగమంది. తిన్నగా జవాబు రాయి. రాయడం కష్టమైతే రాత్రి ఎంత పొద్దుపోయినా సరే ఫోను చేయి, తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను.

ఇట్లు,
నాన్న