నీ తలనొప్పి, అమ్మ థైరాయిడ్

చిన్నీ,

"నీ తలనొప్పి, అమ్మ థైరాయిడ్, రెండూ నాకే రాసిపెట్టి ఉన్నాయా నాన్నా?" అని మొన్న అడిగావు. మీటింగ్ హడావుడిలో ఉన్నావని అప్పుడు ఊరుకున్నాను.

రాసిపెట్టి లేవు. కానీ వాటి మధ్య దూరపు చుట్టరికం మాత్రం ఉంది. ఆఫీసుకు రోజూ హబ్సిగూడలో జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ముందు నుంచే బస్సులో వెళ్లేవాణ్ణి కానీ, ఈ జన్యువుల సంగతి చదవడం రిటైరయ్యాకే మొదలైంది.

మైగ్రేన్‌కు, అంటే నా తలనొప్పికి, ఫలానా జన్యువే కారణమని వేలు పెట్టి చూపించడం, ఏవో అరుదైన రకాల్లో తప్ప, కుదరదు. లక్షమందికి పైగా మైగ్రేన్ ఉన్నవాళ్ల జన్యువుల్ని లేనివాళ్లతో పోల్చి, 2022లో 123 చోట్ల తేడాలు పట్టుకున్నారు. ఒక్కొక్కటీ చేసేది కొంచెమే. ఆస్ట్రేలియా వాళ్లు అలాంటి జన్యువుల లెక్కల్నే థైరాయిడ్ జబ్బుల లెక్కల పక్కన పెట్టి చూశారు. హైపోథైరాయిడ్‌తో, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేసే జబ్బుతో, పోలిక కనిపించింది, కానీ బాగా స్వల్పం. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే హైపర్ థైరాయిడ్‌తో అయితే వ్యవహారం తిరగబడింది, మైగ్రేన్ వైపు నెట్టే తేడాలు దానికి ఎదురు దిక్కున ఉన్నాయి.

నువ్వు పంపిన "41 శాతం" సంగతి కూడా చూశాను. అమెరికాలో 8,412 మందిని ఇరవై ఏళ్లపాటు గమనించారు. మైగ్రేన్ ఉన్నట్టు అనిపించినవాళ్లకు కొత్తగా హైపోథైరాయిడ్ వచ్చే అవకాశం లేనివాళ్లకంటే 41 శాతం ఎక్కువని తేలింది. అంటే నూటికి 41 మందికి వస్తుందని కాదమ్మా. మామూలుగా వందలో ఐదుగురికి వస్తుందనుకో, వీళ్లలో ఏడుగురికి వస్తుంది. అంతే. దీనికి రాత్రంతా మేలుకుని టెన్షన్ పడితే తెల్లారేసరికి తలనొప్పి రావడం మాత్రం ఖాయం.

నన్నడిగితే, నువ్వు టెస్ట్ చేయించుకోవాల్సింది నా తలనొప్పి వల్ల కాదు, అమ్మ వల్ల. అమ్మది హషిమోటో, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడే రకం. అది కుటుంబాల్లో నడుస్తుంది, అందులోనూ ఆడవాళ్లకే బాగా ఎక్కువ. అందుకని టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీవో అనే థైరాయిడ్ రక్తపరీక్షలు ఒకసారి చేయించు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నావుగా, అవి రిపోర్టును తారుమారు చేస్తాయి. కనీసం రెండు రోజుల ముందు ఆపెయ్. టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా వచ్చినా గూగుల్ చెయ్యకు, డాక్టర్ కొన్ని వారాలాగి మళ్లీ చూద్దామనొచ్చు.

ఒకవేళ థైరాయిడ్ ఉందని తేలి మందు మొదలుపెట్టినా, మైగ్రేన్ దానంతటదే పోతుందని ఆశ పెట్టుకోకు. దాని వైద్యం దానిదే. నొప్పి మాత్రలు నెలలో ఎన్ని రోజులు మింగుతున్నావో క్యాలెండర్‌లో గుర్తుపెట్టు. పది పదిహేను రోజులు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. ఇది మాత్రం నా సొంత అనుభవం.

సంబంధాల వాళ్ల దగ్గర ఈ మాట ఎత్తొద్దని మీ అత్త అంటోంది. మన వీధి మందుల షాపులో పొద్దున్నే థైరాయిడ్ మాత్రల సీసా అడిగేవాళ్లే సగం మంది. దాచడానికి ఇదేమన్నా దొంగతనమా? అడిగితే చెబుదాం.

శనివారం మాదాపూర్ నుంచి రామంతాపూర్ వచ్చెయ్. ఆదివారం పొద్దున ల్యాబ్ అబ్బాయి ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తాడు. ఈ పరీక్షలకు ఖాళీ కడుపుతో ఉండక్కర్లేదట, కనుక్కున్నాను. నువ్వు టిఫిన్ మానేస్తే ఏమవుతుందో మన ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్న