ఎన్డీఏ కోచింగ్‌కి లక్షలు పోస్తున్నాం, పిల్లాడి చెవి ఎప్పుడన్నా చూపించామా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ చదువుల పేజీలో ఎన్డీఏ పరీక్ష మీద, అదే ఇంటర్ పిల్లలు మిలటరీలో ఆఫీసర్లవ్వడానికి రాసేది, పెద్ద ఆర్టికల్ వేశారు, బాగుంది, మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, ఆఫీసర్లని ఎంచే ఎస్ఎస్‌బీ బోర్డు ఇంటర్వ్యూకి 900, ఏ పుస్తకాలు చదవాలి, అన్నీ రాశారు. ఆఖర్న మాత్రం "అనంతరం వైద్య పరీక్షలు ఉంటాయి" అని ఒక్క లైనుతో సరిపెట్టేశారు. ఆ ఒక్క లైను మా ఇంట్లో ఎంత గోల చేసిందో చెప్దామనే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి, కత్తిరించుకోండి, కత్తెర విలువ నాకు తెలుసు.

నేను విజయనగరంలో టైలర్ని. ఎన్‌సీసీ ఖాకీలు, స్కూలు యూనిఫాంలు ఎక్కువ కుడతాను. 1962 నుంచి కోరుకొండ సైనిక్ స్కూల్ మా పక్కనే ఉండటం వల్లో ఏమో మా వైపు వీధికొకడు ఆఫీసర్ అవుతానంటాడు. మావాడూ అంతే. రాత పరీక్ష రెండోసారికి కొట్టాడు, ఎస్ఎస్‌బీకి వెళ్లాడు, మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామందిని ఇంటికి పంపేశారట, వీడు అయిదు రోజులూ నిలబడ్డాడు, చివరి రోజు కాన్ఫరెన్స్ అయ్యాక సెలెక్టయినవాళ్ల చెస్ట్ నంబర్లు చదివితే అందులో వీడిది ఉంది. ఫోన్లో మాట రాలేదు వాడికి. నేను మిషన్ ఆపేసి పక్క షాపులన్నింటికీ స్వీట్లు పంచొచ్చాను. నాలుగు రోజులాగి ఇంకో ఫోన్ వచ్చింది, "నాన్నా, టెంపరరీ అన్‌ఫిట్ అన్నారు" అని.

అప్పటిదాకా నాకు అర్థమైంది ఏంటంటే మెడికల్ అంటే ఎత్తు, బరువు, ఛాతీ చూసి దగ్గమంటారు, అయిపోతుంది అని. కాదండీ. సెలెక్ట్ అయిన పిల్లల్ని మిలటరీ హాస్పిటల్లో కొన్ని రోజులు ఉంచి రక్తం, మూత్రం, ఛాతీకీ నడుముకీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, ఈసీజీ, కళ్లు, చెవి ముక్కు గొంతు, పళ్లు, ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో లైను. పళ్లకి కూడా పాయింట్లుంటాయంటే నేను నమ్మలేదు, నోరంతా బాగుంటే 22, కనీసం 14 రావాలి. బట్టలు విప్పించి మడమ నుంచి మెడ దాకా చూస్తారు, అరచేతులకి చెమట పడుతోందా అన్నది కూడా చూస్తారు. వాళ్లని నేనేం అనడం లేదు, రేపు సియాచిన్‌లో నిలబడాల్సినోణ్ని ఇవాళ నిలబెట్టి చూసుకుంటున్నారు, తప్పేముంది.

మావాడికి రాసింది రెండు. బరువు ఎక్కువ, ఎడమ పక్క వేరికోసిల్. చెవుల్లో గుబిలి కూడా ఉందట, అది అక్కడే కడిగేశారు. వేరికోసిల్ అంటే ఏంటో నాకు తెలీదు, మెడికల్ షాపతన్ని అడిగితే పక్కకి పిలిచి చెప్పాడు, వృషణాల దగ్గర నరాలు ఉబ్బుతాయి, చాలామంది కుర్రాళ్లకి ఉంటుంది, ఆపరేషన్ చేస్తే పోతుంది అని. ఇంటికొచ్చాక వాణ్ని అడిగితే తల దించుకుని అన్నాడు, ఇంటర్ ఫస్టియర్ నుంచే తెలుసు నాన్నా, పరిగెట్టినప్పుడు బరువుగా లాగుతుంది, అని. రెండేళ్లు! రెండేళ్లు రాత్రిపూట ఫోన్లో దాని గురించి వెతుక్కున్నాడు తప్ప నాకు గానీ వాళ్లమ్మకి గానీ చెప్పలేదు. సిగ్గు. ఆ సిగ్గు వాడొక్కడిదే కాదు, నాదీను, మగపిల్లాడితో నేనెప్పుడు మాట్లాడాను ఇలాంటివి, వాడి ప్యాంటు కొలతలు తెలుసు గానీ వాడి ఒంటి సంగతి తెలీదు.

మరి వెళ్లేముందు చూపించలేదా అంటారేమో. చూపించాం. కోచింగ్ వాళ్లు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటే ఊళ్లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, చొక్కా మీద నుంచే స్టెత్ పెట్టి, నాలుక చూసి, "మిలటరీకా, శభాష్" అని స్టాంపు వేసిచ్చాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు, అయిదొందలు పుచ్చుకున్నాడు. నాకూ ఆనందమే, నేనూ అడగలేదు.

సరే, అన్‌ఫిట్ అన్నాక అప్పీల్ మెడికల్ బోర్డు ఉంటుంది, 42 రోజుల్లోపు వాళ్లు చెప్పిన హాస్పిటల్‌కి వెళ్లి మళ్లీ చూపించుకోవాలి. అక్కడా కాదంటే రివ్యూ బోర్డు అని ఇంకోటి ఉంది కానీ అది మన హక్కు కాదు, వాళ్లు ఇస్తే ఇస్తారు. 42 రోజులంటే చాలా టైమున్నట్టు వినపడుతుంది కదా. లెక్కేసి చూడండి. ఆపరేషన్‌కి డాక్టర్ని వెతికి, టెస్టులు చేయించి, డేట్ తీసుకునేసరికి తొమ్మిది రోజులు అయిపోయాయి. ఆపరేషన్ అయ్యాక పరిగెట్టకూడదు, బరువులు ఎత్తకూడదు, గాయం మానాలి. కానీ ఇంకోపక్క ఆరు కిలోలు తగ్గాలి! పరిగెట్టకుండా ఎలా తగ్గుతాడు? వాడు అయ్యకోనేరు గట్టు చుట్టూ ముసలాళ్లతో పాటు మెల్లగా నడిచేవాడు పొద్దున్నా సాయంత్రం, రాత్రి అన్నం మానేశాడు, వాళ్లమ్మ వాడి ముందు తినలేక వంటింట్లో తినేది. చివరికి చార్టు కంటే నాలుగొందల గ్రాములు తక్కువతో బయటపడ్డాడు, ఫిట్ రాశారు. ఇదే ఒక ఏడాది ముందు తెలిసుంటే ఆపరేషన్ ఒక సెలవుల్లో, బరువు ఇంకో సెలవుల్లో అయిపోయేవి, ఎవరికీ తిండి మానాల్సిన పని ఉండేది కాదు. (తర్వాత మెరిట్ లిస్టులో వాడి పేరు రాలేదు, అది వేరే కథ, ఇప్పుడు డిగ్రీ చదువుతూ, డిగ్రీవాళ్లు ఆఫీసర్లవ్వడానికి రాసే సీడీఎస్ పరీక్షకి చూసుకుంటున్నాడు.)

అన్నిటికన్నా నాకు మండిందేంటో తెలుసా, ఇవన్నీ ఈ పరీక్ష పెట్టే యూపీఎస్సీ వాళ్లు నోటిఫికేషన్లోనే రాశారు. వెనకాల అనుబంధంలో, ముందే ఒకసారి చూపించుకోండి అని చెప్పి మరీ రాశారు, చెవిలో గుబిలి, ముక్కు దూలం వంకర, హైడ్రోసిల్, వేరికోసిల్, మొలలు, టాన్సిల్స్, బరువు ఎక్కువ తక్కువలు, మగపిల్లలకి ఛాతీ ఉబ్బడం, అన్నీ వరసగా. మావాడు ఆ నోటిఫికేషన్ ఫోన్లో డౌన్‌లోడ్ చేసి సిలబస్ పేజీ మాత్రం ప్రింటు తీయించుకున్నాడు. నేనైతే ఆ ఇంగ్లీషు చూసే దండం పెట్టాను.

ఇప్పుడు అన్నీ చదివించుకున్నాను కాబట్టి చెప్తున్నా. నా పని టేపుతో కదా, నాకు ముందు తగిలేవి కొలతలే. పిల్లాణ్ని మోకాళ్లు ఆనించి నిలబెడితే చీలమండల మధ్య 5 సెంటీమీటర్లకి మించి ఖాళీ ఉంటే ఆర్మీలో మగపిల్లలకి కుదరదంటారు, నాక్ నీస్ అంటారు దాన్ని. నా దగ్గరికొచ్చే ప్యాంట్లలో మోకాలి లోపలి వైపు గుడ్డ అరిగిపోయి వస్తుంటాయి, మనిషిని చూడకుండానే చెప్పగలను మోకాళ్లు రాసుకుంటున్నాయని, కానీ ఇన్నేళ్లలో ఏ తల్లికీ చెప్పలేదు, అతుకేసి ఇచ్చేశాను. పైలట్ అవ్వాలంటే ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాలు పొడుగు 99 నుంచి 120 మధ్య ఉండాలి. ఇది చదివి నేను మావాడి కాలు లోపలి వైపు నుంచి కొలిచాను, ప్యాంటుకి కొలిచినట్టు, ముప్పై అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు! అయిపోయింది అనుకున్నా. వాడు నవ్వి, అలా కాదు నాన్నా, గోడకి ఆనుకుని కూర్చుని కాలు చాపి వెనక నుంచి మడమ దాకా కొలవాలి అన్నాడు, అలా కొలిస్తే 104 వచ్చింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది.

కళ్లద్దాలున్న పిల్లల తల్లిదండ్రులు ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. మాకు తెలిసినావిడ వాళ్లబ్బాయికి పద్దెనిమిది నిండగానే లేజర్ చేయించేసింది, సైట్ పోతే ఎన్డీఏ వచ్చేస్తుందని, ఎవరో చెప్పారట. ఎన్డీఏకి లేసిక్, అదే ఆ కంటి లేజర్ ఆపరేషన్, చేయించుకున్నవాళ్లని తీసుకోరు. డిగ్రీ తర్వాత వెళ్లే సీడీఎస్ లాంటి వాటికి ఒప్పుకుంటారు, అదీ ఇరవయ్యేళ్లు దాటాక చేయించుకుని, ఏడాది గడిచి, కంటి పొర మందం, కంటి పొడవు వాళ్లు చెప్పిన లెక్కలో ఉంటేనే. అంటే డబ్బులు పెట్టి మరీ తలుపు మూసుకున్నట్టు అయింది పాపం. పచ్చబొట్లు అంతే. సిరిమానోత్సవం జాతరలో కుర్రాళ్లు హీరో పేర్లు మెడ మీదా భుజం మీదా వేయించుకుంటారు, మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, అరచేతి వెనక వైపు తప్ప ఇంకెక్కడా శాశ్వతమైన పచ్చబొట్టు పనికిరాదు, గిరిజనుల ఆచారాలకి మాత్రం వేరే మినహాయింపు ఉంది.

వారం రోజుల్లో మెడికల్ అనగా మందులు మింగేవాళ్లని చూశాను, బీపీ తగ్గడానికి ఎవరిదో ఇంట్లో పెద్దాయన బిళ్ల, చెమట పట్టకుండా ఏదో లోషన్. ఇయర్ బడ్స్‌తో చెవులు తెగ కెలికేస్తారు, గుబిలి ఇంకా లోపలికి పోతుంది, కర్ణభేరికి చిల్లు పడితే ఇక అంతే సంగతులు. బీపీ అయితే రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి వెళ్లినవాడికి పెరగకుండా ఎలా ఉంటుంది, ఒకరోజు ముందెళ్లి నిద్రపోతే చాలు సగం మందికి.

ఆడపిల్లల గురించి కూడా ఒక మాట. 2022 నుంచి ఎన్డీఏలో అమ్మాయిల్ని చేర్చుకుంటున్నారు, మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మే నెలలో పాసై బయటికొచ్చారు. మా వీధిలో ఇద్దరు రాస్తున్నారు. వాళ్ల ఇళ్లల్లో ఈ మాటలు మాట్లాడటం ఇంకా కష్టం, తల్లులే పూనుకోవాలి.

ఇక అసలు బాధ. మా పక్క వీధిలో ఒక బాబు, చిన్నప్పటి నుంచి పైలట్ పిచ్చి. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్, వాళ్ల నాన్న ఆటో తోలి కట్టాడు ఆ ఫీజులు. పిల్లాడు రాత కొట్టాడు, ఇంటర్వ్యూ కొట్టాడు, పైలట్లకి పెట్టే కంప్యూటర్ టెస్టు, జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు దాన్ని, అదీ కొట్టాడు. మెడికల్‌లో రంగు చుక్కల పుస్తకం ముందు పెడితే అందులో అంకె కనపడలేదు. కలర్ విజన్ లోపం, అంటే కొన్ని రంగుల మధ్య తేడా తెలీదు. పుట్టుకతో వచ్చేది, తల్లి వైపు నుంచి ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది, ఆపరేషన్ లేదు, మందు లేదు, 42 రోజులు కాదు కదా 42 ఏళ్లిచ్చినా మారదు. ఆ పుస్తకం చూపించడానికి కంటి డాక్టరుకి రెండు నిమిషాలు పడుతుంది. ఆరో తరగతిలో ఆ రెండు నిమిషాలు పెట్టి ఉంటే వాడు ఇంకో కల కనేవాడు, వయసు అదే కదా.

ఆ బాబు పదో తరగతిలో ఉండగా యూనిఫాం కోసం నా షాపుకొచ్చాడు. బాటిల్ గ్రీన్ ప్యాంటు. నా చేతిలో పని ఉండి, "బాబూ ఆ డబ్బాలోంచి దీనికి మ్యాచింగ్ రీలు తియ్యి" అన్నాను. బ్రౌన్ రీలు తీసిచ్చాడు. "కళ్లెక్కడ పెట్టుకున్నావురా" అని నవ్వి నేనే వేరేది తీసుకున్నాను. వాడూ నవ్వాడు. మూడేళ్ల తర్వాత వాళ్ల నాన్న షాపు మెట్ల మీద కూర్చుని ఈ సంగతి చెప్తుంటే నా చేతిలో సూది ఆగిపోయింది. నేను డాక్టర్ని కాదు, రీలు తప్పు తీసిన ప్రతివాడికీ కళ్లు తేడా అని కాదు, కానీ ఆరోజు ఒక్క మాట వాళ్లింట్లో చెప్పి ఉంటే?

కాబట్టి ఎడిటర్ గారూ, నేను అడిగేది చిన్న పని. ఈసారి ఎన్డీఏ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆ వెనకాల అనుబంధం ఉంది చూశారా, శారీరక ప్రమాణాలది, దాన్ని తెలుగులో, మా ఆటో అన్నలాంటి వాళ్లకి అర్థమయ్యేలా వేయండి. సిలబస్ పిల్లలు ఎలాగూ చూసుకుంటారు. ఏటా రెండుసార్లు వస్తుంది పరీక్ష, రెండుసార్లూ వేయండి, రూల్స్ మారుతుంటాయి కాబట్టి పాతది పెట్టేయకుండా కొత్తది చూసి వేయండి. కోచింగ్ వాళ్లు కూడా ఫీజు కట్టించుకునే ముందు ఒక కంటి డాక్టర్ని, ఒక చెవి డాక్టర్ని కూర్చోబెట్టుకుంటే వాళ్ల సొమ్మేం పోదు, లేక పోతుందనే భయమేమో మరి.

నా వరకు నేను ఆ ఇంగ్లీషు పేజీల్ని మావాడితో తెలుగులో రాయించి కటింగ్ టేబుల్ పైన గోడకి అంటించాను. యూనిఫాం కొలతకి ఏ పిల్లాడొచ్చినా టేపు తీసే ముందు దారాల డబ్బా చూపించి, ఆకుపచ్చ రీలు తియ్యమ్మా అంటున్నాను. నిన్నటిదాకా అందరూ సరిగ్గానే తీశారు.

ఇట్లు,
ఒక టైలర్,
విజయనగరం.