పదిహేను మెట్లు దిగితే

మామయ్యా,

బాగున్నావా? అత్తయ్య మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? ఫోన్లో మాట్లాడితే నీకు సగం వినపడదు, మిగతా సగం మాట్లాడేలోపు అత్తయ్య ఫోను లాక్కుంటుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇమ్మని చిన్నోడికి చెప్పాను.

మొన్న సోమవారం న్యూయార్క్‌లో జాజ్ అనే సంగీతం వినిపించే ఒక క్లబ్బుకి వెళ్లొచ్చాను. క్లబ్బంటే ఒంగోల్లో అనుకునే పేకాట క్లబ్బు కాదు, అమ్మతో ముందే ఆ మాట చెప్పు. జెర్సీ సిటీలో రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే అక్కణ్నుంచి నడిచిపోవచ్చు. ఆ పేటని గ్రీనిచ్ విలేజ్ అంటారు, క్లబ్బు పేరు విలేజ్ వాన్‌గార్డ్. ఎర్ర తలుపు, లోపల నిటారుగా పదిహేను మెట్లు కిందికి. దిగితే నేలమాళిగ, అదీ చతురస్రం కాదు, బత్తాయి తొనలాగా ఒక మూలకి సన్నబడిపోయిన గది. ఆ సన్నటి మూలే స్టేజీ. మొత్తం 123 మంది పడతారు. మన రామాలయం ముందు పందిరి వేసిన రోజు అంతకి మూడింతల మంది కూర్చునేవాళ్లు గదా, ఇంత చిన్న కొట్టుకా ప్రపంచమంతా పేరు అనుకున్నా.

దీని కథ నీకు చెప్పాలి, ఎందుకంటే చాలా చోట్ల నువ్వే గుర్తొచ్చావు.

పెట్టినాయన మాక్స్ గోర్డన్. లిథువేనియాలో పుట్టి, ఓరెగాన్‌లో పెరిగి, 1926లో లా చదువుతానని న్యూయార్క్ వచ్చి ఆరు వారాలకే మానేశాడు. మన ఇళ్లల్లో అయితే ఆ కబురు సాయంత్రానికి అద్దంకి దాటేది. తర్వాత వేరే చోట చిన్న గది పెట్టి కవులని కూర్చోబెట్టుకున్నాడు, వాళ్లు పద్యాలు చదివేవాళ్లు, జనం వినేవాళ్లు. పాటా ఆటా పెట్టాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే రెండు మరుగుదొడ్లు, బయటికి రెండు దార్లు, గుడికీ బడికీ 200 అడుగుల దూరం ఉండాలన్నారు. ఇవన్నీ కుదిరిన చోటు వెతుక్కుంటూ పోతే 1935లో ఈ నేలమాళిగ దొరికింది. అంతకుముందు ఇది దొంగచాటు మందుకొట్టు. 1920 నుంచి 1933 దాకా అమెరికా మొత్తం మద్యనిషేధం గదా, ఊరి నిండా ఇట్లాంటి చాటు దుకాణాలే. ఇది చదివినప్పుడు మన దూబగుంట ఆడవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లు మూయించిన సారా కొట్లలో ఒక్కటన్నా పాటకచేరీ అయిందేమో చెప్పు, నీకు తెలిసే ఉంటుంది.

మొదట్లో జాజ్ ఒక్కటే కాదు, కవులు, హాస్యగాళ్లు, జానపదాలు పాడేవాళ్లు, అన్నీ కలిసే నడిచాయి. 1948లో థెలోనియస్ మంక్ అనే పియానో ఆయనకి ఇక్కడ కచేరీ ఇప్పించింది లొరైన్ అని ఒకావిడ, పట్టుబట్టి మాక్స్‌ని ఒప్పించి మరీ. వినడానికి జనమే రాలేదు. ఇప్పుడు ఆ మంక్ పేరు చెబితే ఇక్కడివాళ్లు చెవులు పట్టుకుంటారు. లొరైన్ మరుసటి ఏడే మాక్స్‌ని పెళ్లి చేసుకుంది, అది వేరే కథలే. 1957 నుంచి పూర్తిగా జాజే. ఆ ఏడు నవంబర్‌లో సోనీ రోలిన్స్ అనే శాక్సోఫోన్ ఆయన కచేరీని రికార్డు చేశారు, అందులో పియానో కూడా లేదు, డ్రమ్ము, బేసు అనే పెద్ద తీగల వాయిద్యం, ఈయన ఊపిరి, అంతే. 1961 జూన్ 25, ఒక ఆదివారం, బిల్ ఎవాన్స్ అనే పియానో ఆయన ముగ్గురి జట్టు మధ్యాహ్నం రెండు, రాత్రి మూడు విడతలు వాయించింది. ఆ రికార్డు నీకు పంపిస్తాను, చెవులకి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విను. పియానో వెనక గ్లాసుల చప్పుడు, ఎవరో కబుర్లు చెప్పుకోవడం, అన్నీ వినపడతాయి. బేసు వాయించిన స్కాట్ లఫారో జులై 6న కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్లు. అది తెలిసి వింటుంటే ఆ కబుర్లు చెప్పుకునేవాళ్ల మీద కోపమొస్తుంది, కాసేపు నోరు మూసుకుని వినరాదా అని.

ఇక సోమవారం సంగతి. 1966 ఫిబ్రవరి 7న థాడ్ జోన్స్, మెల్ లూయిస్ అనే ఇద్దరు పెద్ద జట్టుని కట్టుకుని సోమవారం సోమవారం ఇక్కడ వాయించడం మొదలుపెట్టారు. థాడ్ డెన్మార్క్ వెళ్లిపోయాడు, మెల్ 1990లో పోయాడు, సోమవారం మాత్రం ఆగలేదు. ఒక్క కరోనాలోనే ఏడాదిన్నర మూతపడి, 2021 సెప్టెంబర్‌లో మళ్లీ తీశారు. నేను చూసినప్పుడు ఆ మూలలో పదహారు మంది ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలేట్టు ఇరుక్కుని కూర్చున్నారు.

వాయించే పద్ధతి వింటే నీకు కొత్తగా ఏమీ ఉండదు. ముందు అందరూ కలిసి పల్లవి లాంటిది ఒకటి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కళ్లే లేచి, అదే లెక్క మీద, అప్పటికప్పుడు పుట్టించి వాయిస్తారు, మనవాళ్ల కల్పనస్వరాల్లాగా. ఒక ముసలి శాక్సోఫోన్ ఆయన లేచాడు. ఒకే ఒక్క స్వరం పట్టుకుని, దాన్నే సన్నగా, లావుగా, గొంతు పట్టేసినట్టు, ఏడ్చినట్టు అట్లా తిప్పుతూ ఉన్నాడు, పక్కన పియానో ఆయన మధ్యలో రెండు మాటలు అందించి ఊరుకున్నాడు. రాయబారం పద్యంలో కృష్ణుడు రాగం తీస్తుంటే నువ్వు కాలి హార్మోనియం మీద వెనకాలే వెళ్లి, ఆయన ఊపిరి తీసుకునే చోట టక్కున అందుకునేవాడివి చూడు, అచ్చం అదే. నాకు ఒన్స్‌మోర్ అని అరవాలనిపించింది. ఇక్కడ అరవరు. చప్పట్లు మాత్రం మధ్యలోనే కొడతారు.

శాక్సోఫోన్ వింటే చిన మౌలానా గారి నాదస్వరమే గుర్తొచ్చింది. మన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయిన మనిషి. ఆయన ఊపిరి పట్టు గురించి నువ్వు చెప్పేవాడివి. నాకప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు కాస్త అయింది.

నా పరువు పోయిన సంగతి కూడా చెప్పాలి. లోపల ఫోన్లు ఆపేయమంటారు, నేను సైలెంట్‌లో పెట్టాననుకున్నా. ఎనిమిది దాటింది, మనకి తెల్లవారుజాము అయిదున్నర, పాలవాడు వచ్చిన వేళ, అమ్మ చేసింది. సరిగ్గా బేసు ఒక్కటే సన్నగా పలుకుతున్నప్పుడు మోగింది. పక్కనున్న పెద్దావిడ నా వైపు చూసిన చూపు జన్మలో మర్చిపోను. అమ్మకి చెప్పకు, బాధపడుతుంది.

1989 మే 11న మాక్స్ పోతే ఒక్క రాత్రి మూసి, మళ్లీ లొరైన్ వచ్చి తలుపు తీసింది. ఆవిడ 95 ఏళ్లు బతికి 2018లో పోయింది, ఇప్పుడు కూతురు డెబొరా చూసుకుంటోంది. గదిని పెద్దది చేయలేదు, మార్చలేదు. వంటగది లాంటిది ఒకటుంటే అందులో కూర్చునే వాయించేవాళ్లు ముస్తాబవుతారట.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, శనివారం కచేరీలు ఆపేశావని, హార్మోనియం ఎవరికో ఇచ్చేద్దామనుకుంటున్నావని అత్తయ్య చెప్పింది. తబలా ఆయన హైదరాబాద్ వెళ్లిపోతే వెళ్లాడు. బడిలో తాళం వేసే కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లని పిలువు, తప్పులు వాయించినా సరే. నలుగురే వచ్చినా రామాలయం వసారాలో కూర్చో. పెట్టె మాత్రం ఇవ్వొద్దు. సంక్రాంతికి నేను వస్తున్నా, తిత్తి చిరిగితే ఒంగోల్లో బాగు చేయిద్దాం. పలకని మెట్లు ఎన్నో, ఎక్కడెక్కడో చూసి, ఆ రీడ్లు ఊడదీసి ఫోటో తీయించి పంపు, ఇక్కడ దొరుకుతాయేమో కనుక్కుంటా.

నీ మేనల్లుడు