ఆర్డర్ ఇచ్చినవారికి: మా అత్త నేసిన చీరల గురించి

మా పోచంపల్లి దుకాణంలో పట్టుచీరలకు అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. చాలామంది ఫోన్ చేశారు. సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, క్షమించండి. మా మేనత్త పోయిన నెల చనిపోయింది. ‘నర్సమ్మ నేసిన చీరే కావాలి’ అని మీరు అడిగేది ఆవిడ గురించే.

నేత మా ఇంటి పనే అయినా అత్త మగ్గం గుంతలో కాళ్లు పెట్టింది రిటైరయ్యాకే. అంతకుముందు ముప్ఫై ఏళ్లకు పైగా ఏఎన్ఎం. టీకాల డబ్బా భుజాన వేసుకుని ఊళ్లు తిరిగింది. నాకు పోలియో చుక్కలు వేసిందీ ఆవిడే.

సబ్‌సెంటర్‌కు భుజం నొప్పని వచ్చే ఆడవాళ్లను అత్త మొదట అడిగే మాట: “రోజుకు ఎన్ని ఆసులు పోస్తున్నవ్?” చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకూడని చోట ముడులు వేసే ముందు, నూలును మేకుల చుట్టూ తిప్పడమే ఆసు పోయడం. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఇటూ అటూ ఆడాలి. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. “నా గోలీలకు తగ్గని నొప్పి ఆ మిషన్‌తో తగ్గింది” అనేది అత్త.

మామయ్య పోయాక ఆయన మగ్గం అమ్మేద్దామన్నాం. ఒప్పుకోలేదు. పక్కింటి కుర్రాడి దగ్గర నేర్చుకుని, రెండు నెలల్లో అయ్యే అచ్చును, అంటే ఒకేసారి మగ్గానికెక్కించే ఏడు చీరల నిలువు నూలును, ఐదు నెలలు నేసింది. పోగు తెగితే వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలూ వెలుతురుకు పట్టి, నరం వెతికినట్టు వెతికి అతికేది. అతుకు మీద వేలు పెట్టినా నాకు తెలిసేది కాదు.

అచ్చుకొక నోట్‌బుక్ పెట్టింది. తేదీ, రంగు, ఎన్ని పోగులు తెగాయి, ఎక్కడ. వార్డులో కేస్ షీట్ రాసినట్టే. మూడేళ్ల కింద ఒక అచ్చుకు ‘ఎరుపు ఇంకా దిగుతుంది, అమ్మొద్దు’ అని రాసింది. పెళ్లిళ్ల సీజన్, నాకు డబ్బు టెన్షన్. చూసి కూడా అమ్మేశాను. తెలిశాక అత్త అరవలేదు. “ఏడుగురికీ ఫోన్ చెయ్. తిడితే విను” అంది. చేశాను. నలుగురు చీరలు తిప్పి పంపారు, డబ్బు ఇచ్చేశాం. ఆ ఏడుగురిలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ తప్పు నాదే, అత్తది కాదు.

ఇప్పుడు మగ్గం మీదున్న అచ్చు కూడా ఏడు చీరలది. నాలుగు అయ్యాయి, అందాల్సినవారికి అందాయి. ఐదోది సగంలో ఆగింది. మిగతా సగం ఎవరిచేతనైనా నేయించమని చాలామంది చెప్పారు. కానీ నేసేటప్పుడు పోగును బిగించే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో రకం. పైగా రంగు కట్టిన పేకను, అంటే అడ్డ నూలును, ప్రతి వరసకూ చేత్తో సర్దుకుంటేనే పువ్వు అంచులు కలుస్తాయి. చెయ్యి మారినచోట గుడ్డ మీద గీత పడినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ సగాన్ని అలాగే కోసి ఇంట్లో దాచుకుంటున్నాం. ఆ చీర కోసం చూస్తున్న అమ్మకు అడ్వాన్స్ మొత్తం ఈ వారమే తిరిగి పంపుతాను.

మిగిలిన రెండూ మా తమ్ముడు నేస్తాడు. అవి అత్త చేతివని చెప్పి అమ్మను. వద్దనుకుంటే ఒక్క ఫోన్ చేయండి, కారణం అడగను. కావాలనుకుంటే మాత్రం ఇంకో నెల ఓపిక పట్టాలి.

దశదినకర్మ అయ్యేదాకా ఆ మగ్గాన్ని ఎవరం ముట్టుకోలేదు. బూడిద గిన్నె, కళ్లజోడు పెట్టె ఎక్కడివక్కడే ఉన్నాయి. నోట్‌బుక్‌లో చివరి పేజీలో ‘3 పోగులు, కుడి అంచు, అతికిన’ అని ఉంది. సోమవారం తమ్ముడు కూర్చుంటాడు. ముందు దాని కిందే తేదీ వేసి, తర్వాతే పేకను అటూ ఇటూ నడిపే నాడె పడతానన్నాడు.