దూరం సరే, ఎక్కణ్నుంచి?

సంపాదకులకు,

అయ్యా,

తోకచుక్కల గురించి, వ్యోమనౌకల గురించి వచ్చే వార్తల్లో దూరం ఉంటుంది గానీ అది ఎక్కణ్నుంచి కొలిచిందో ఉండదు. 3ఐ/అట్లాస్ తోకచుక్కనే తీసుకోండి. 2025 అక్టోబరు 29న అది సూర్యుడికి బాగా దగ్గరగా, దాదాపు 20 కోట్ల కి.మీ. దూరంలో ఉంది. ఆ రోజున మనం సూర్యుడికి అవతలి పక్కన ఉన్నాం. భూమికి దగ్గరగా వచ్చింది డిసెంబరు 19న, అదీ సుమారు 27 కోట్ల కి.మీ. దూరంలోనే. 270 మిలియన్లను పొరపాటున 270 లక్షలుగా రాస్తే తోకచుక్కను పది రెట్లు దగ్గరికి లాగినట్టే.

ఈ లెక్కలను నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవారి హొరైజన్స్ అనే ఆన్‌లైన్ సేవలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అందులో వ్యోమనౌకలకు ఇచ్చిన గుర్తింపు సంఖ్యలకు ముందు మైనస్ ఉంటుంది. వాయేజర్-1 కావాలంటే మైనస్ 31 కొట్టాలి. మైనస్ మరిచిపోయి 31 పక్కన సెమికోలన్ పెడితే యుఫ్రోసిన్ అనే గ్రహశకలం వస్తుంది! అబ్జర్వర్ పట్టికలో (ఎంచుకున్న చోటు నుంచి చూస్తే వస్తువు ఎక్కడుందో చెప్పే పట్టిక) 'ఆర్' అంటే సూర్యుడి నుంచి దూరం, 'డెల్టా' అంటే మనం ఎంచుకున్న చోటు నుంచి దూరం. అంకెలు ఖగోళ ఏకకాల్లో (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒక ఏకకం) ఉంటే 14.96 కోట్లతో హెచ్చవేస్తే కిలోమీటర్లు వస్తాయి. దూరం పక్కన ఉండే వేగానికి ముందు మైనస్ కనిపిస్తే ఆ వస్తువు దగ్గరవుతోందన్నమాట.

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో భూమి నుంచి చూసే వాయేజర్-1 డెల్టా పక్కని వేగం ముందు ఈ మైనస్ కనిపిస్తుంది. నౌకేమీ వెనక్కి తిరగలేదు. అది సూర్యుడి నుంచి సెకనుకు 17 కి.మీ. చొప్పున పోతూనే ఉంటుంది. భూమి సెకనుకు 30 కి.మీ. వేగంతో తిరుగుతూ ఆ నెలల్లో అటువైపు పరుగెడుతుంది కనుక మధ్య దూరం తగ్గుతుంది. 'ఆర్' మాత్రం ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది.

కేంద్రం నుంచా, ఉపరితలం నుంచా అన్నదీ ముఖ్యమే. సూర్యుణ్ని పరిశీలించే నాసా పార్కర్ నౌక 2024 డిసెంబరు 24న సూర్యుడికి 61 లక్షల కి.మీ. దగ్గరికి వెళ్లిందన్నది ఉపరితలం నుంచి లెక్క. హొరైజన్స్ కేంద్రం నుంచి లెక్కిస్తుంది. సూర్యుడి వ్యాసార్ధం దాదాపు 7 లక్షల కి.మీ. కాబట్టి అక్కడ 68 లక్షలు దాటి కనిపిస్తుంది. రెండూ సరైనవే. ఇక శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 'సూర్యుడి చెంతకు' చేరలేదు. భూమికి 15 లక్షల కి.మీ. దూరంలో ఉంది, అంటే సూర్యుడి దారిలో నూరింట ఒక వంతు.

అబ్జర్వర్ పట్టికలో సమయం మామూలుగా యూనివర్సల్ టైమ్‌లో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) వస్తుంది. మన సమయానికి అయిదున్నర గంటలు కలపాలి. అక్కడ రాత్రి 7.30 అయితే మనకు అర్ధరాత్రి దాటి మర్నాటి తేదీలో ఒంటిగంట. తేదీ మారుతుందన్న సంగతి చాలాసార్లు జారిపోతుంది. వస్తువు స్థానాన్నీ వేగాన్నీ నిరూపకాల్లో ఇచ్చే వెక్టర్ పట్టికలో వాడే కాలమానం దీనికన్నా 69 సెకన్లు ముందుంటుంది. వార్తకు ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, మహావేగంలో ఉన్న పార్కర్ అంతలోనే 13 వేల కి.మీ. దాటేస్తుంది.

తోకచుక్కల విషయంలో లెక్క ఏ రోజు వేసిందో కూడా అచ్చు వేయండి. ఎండకు మంచు ఆవిరై చిమ్మే వాయువులు వాటిని కొద్దికొద్దిగా పక్కకు నెడతాయి. నెలల ముందు వేసిన దారిని కొత్త పరిశీలనలు వచ్చినప్పుడల్లా దిద్దుతుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు